మూతపడ్డ మిల్లు షెడ్డు కళాకారుల చేతికి వస్తోంది: ముందు దేనిమీద ఖర్చు పెట్టాలి?

రంగులబండి
అందరికీ నమస్కారం. మా బృందంలో నాటకాలు వేసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, మట్టిపని నేర్పేవాళ్లు, పిల్లలకు డ్యాన్స్ చెప్పేవాళ్లు ఉన్నాం. ఏళ్ల తరబడి మూతపడి ఉన్న ఒక మిల్లు యజమానులు అందులోని పెద్ద షెడ్డును కళల కేంద్రంగా వాడుకోమని ముందుకొచ్చారు. ఇటుక గోడలు, రంపపు పళ్ల కప్పు, ఆ కప్పుకున్న నిలువు అద్దాల్లోంచి మెత్తగా దిగే వెలుతురు. లోపల అడుగుపెట్టగానే అందరం మనసు పారేసుకున్నాం. పక్కనే రెండంతస్తుల గోడౌన్ కూడా ఉంది, పై అంతస్తులో గ్యాలరీ పెట్టాలని ఆశ.

చేతిలో డబ్బు తక్కువ. కొందరు ముందు స్టేజీ, లైట్లు అంటున్నారు. కొందరు గోడలకు రంగులు వేసి ప్రారంభోత్సవం చేసేద్దాం, జనం వస్తే డబ్బు అదే వస్తుంది అంటున్నారు. ఇలాంటి పని దగ్గరగా చూసినవాళ్లు దేంతో మొదలుపెట్టాలో చెప్పగలరా?

సైట్‌ఇంజినీర్
రంగులబండి గారూ, రంగు డబ్బా మూత తీయకముందే కప్పు చూపించండి. చూడాల్సింది మీరు కాదు, తాడు, బెల్టు కట్టుకుని కప్పులెక్కే అలవాటున్నవాళ్లు. పాత సిమెంటు రేకు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, మనిషి బరువు పడితే పుటుక్కున విరుగుతుంది.

పాత షెడ్డు కాబట్టి అవి ఆస్బెస్టాస్ రేకులు, అంటే సన్నటి ఖనిజ నారలు కలిపిన సిమెంటు రేకులు అయ్యే అవకాశం చాలా ఉంది. నమూనా ల్యాబ్‌కు పంపి తేల్చుకోండి. తేలేదాకా డ్రిల్లు పెట్టొద్దు, మేకు కొట్టొద్దు, కింద రాలిన పొడిని చీపురుతో ఊడవొద్దు. గాల్లోకి లేచిన ఆ నారలు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు ఎప్పుడో 20, 30, 40 ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అక్కడ తిరగబోయేది పిల్లలు. రేకులు పగలకుండా ఉంటే కదపకుండా పూత వేయించి ఉంచడం ఒక దారి. పగిలితే మాత్రం ఆ పనికి అనుమతి ఉన్నవాళ్లతో తడిపి, ముక్కలు చేయకుండా దింపించి, మూటకట్టి పంపించాలి.

ఇక నీళ్లు. రంపపు పళ్ల కప్పు ఎక్కువగా కారేది రెండు పళ్ల మధ్య వాననీళ్లు పోయే గట్టర్ దగ్గర. అందులో ఆకులు, పిట్టగూళ్లు అడ్డుపడితే నీళ్లు వెనక్కి తన్ని గోడలోకి దిగుతాయి. ట్రస్, అంటే కప్పును మోసే ఇనుప చట్రం, దాని కాలు కూర్చునేది కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే, అందుకే తుప్పూ అక్కడే మొదలవుతుంది. మంచి వాన పడుతున్నప్పుడు టార్చిలైటు పట్టుకుని లోపల తిరగండి. ధార కారిన ప్రతిచోటా సుద్దముక్కతో గోడమీద గుర్తు పెట్టండి. ఎండాకాలంలో వెళ్లిన ఇంజినీర్‌కు ఆ గుర్తులు ఏ రిపోర్టుకన్నా ఎక్కువ చెబుతాయి.

ఇంకొకటి. ఆ ట్రస్‌లు రేకుల బరువు, గాలి ఒత్తిడి మోయడానికి లెక్కకట్టినవి. వాటికి స్పీకర్లు, స్టేజి లైట్లు వేలాడదీయడం మొదటిరోజు నుంచే వద్దు. షెడ్డులో గాంట్రీ, అంటే క్రేన్ నడిచేందుకు స్తంభాల మీద వేసిన దూలాల వరస ఉందా? ఉంటే అదృష్టం. ఆ స్తంభాలు టన్నుల బరువు కోసం కట్టినవి. తుప్పు, వెల్డింగులు పరీక్ష చేయించాక లైట్ల చట్రాన్ని వాటికి బిగించుకోవచ్చు. లేకపోతే నేలమీద నిలబడే విడి చట్రమే మంచిది.

తెరవెనుక
నాటకాలవాణ్ని కాబట్టి నా గోల ధ్వని గురించి. షెడ్డు మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి, మోత ఎంతసేపు నిలుస్తుందో వినండి. ఆ మోత చచ్చేలోపు నటుడు ఇంకో రెండు వాక్యాలు చెప్పేసి ఉంటాడు, వెనక వరసకు ఒక్క ముక్కా అందదు.

దీనికి వందేళ్లు దాటిన లెక్క ఉంది. 1890ల్లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాట వినపడడం లేదని వాలెస్ సబైన్ అనే భౌతికశాస్త్రవేత్తకు ఆ పని అప్పజెప్పారు. ఆయన ఇంకో థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలకు మోత ఎంత తగ్గుతోందో కొలిచి సూత్రం తేల్చాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, అందులోని ఉపరితలాలు పీల్చుకునే మొత్తం శబ్దంతో (ఒక్కోదాని వైశాల్యాన్ని అది పీల్చుకునే వంతుతో గుణించి కూడితే వచ్చేది) భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. కొలతలన్నీ మీటర్లలో.

మాటవరసకి 40 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 8 ఎత్తు షెడ్డు అనుకుందాం. 6400 ఘనపు మీటర్లు. నేల, గోడలు, కప్పు కలిపి 2560 చదరపు మీటర్లు. కాంక్రీటు, ఇటుక, రేకు సగటున శబ్దంలో 5 శాతం మాత్రమే పీల్చుకుంటాయనుకుంటే మోత 8 సెకన్లు. డైలాగు తేటగా వినపడాలంటే ఒక సెకను దగ్గర ఉండాలి. గోడల మీద 400 చదరపు మీటర్ల మేర శబ్దం పీల్చే మందపాటి రాక్‌వూల్ (రాతి నార) పలకలు పెట్టినా రెండున్నర సెకన్ల దాకానే వస్తుంది. జనం నిండితే ఇంకొంచెం తగ్గుతుంది, అయినా చాలదు. తెరలు కట్టేస్తే సరిపోతుందనుకునేవాళ్లకు చెబుతున్నా: తెర పీల్చేది సన్నటి, కీచుమనే శబ్దాన్నే, డప్పు మోత అలాగే ఉంటుంది.

అందుకే మొత్తం షెడ్డును థియేటర్ చేయాలనే ఆలోచన మానుకోండి. అందులోనే ఒక మూల, విడి గోడలు, విడి కప్పుతో చిన్న గది కట్టుకోండి. వాన మోత సమస్య కూడా దాంతోనే తీరుతుంది. రేకుల మీద వాన మొదలైతే మైకు పెట్టినా నాటకం ఆపాల్సిందే. మిగతా షెడ్డు ఊరేగింపులకు, బొమ్మలాటకు, మేళాలకు వదిలేయండి, అక్కడ మోత అందం.

మట్టిచేతులు
మట్టిపని ఉందన్నారు కాబట్టి రెండు ముక్కలు. కుండలు కాల్చే కొలిమిని జనం తిరిగే హాలుకు దూరంగా, బయటి గోడకు ఆనించి, పొగ, వేడి బయటికి పోయేలా పెట్టండి. కరెంటు కొలిమి అయితే దానికి విడి లైను. ఎండిన మట్టి ధూళిలో ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ఉంటుంది, ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. డ్యాన్స్ క్లాసు పక్కన మట్టి గది పెట్టారంటే రెండూ పాడవుతాయి.

ఇటుకగోడ
పైవాళ్లు చెప్పింది అక్షరాలా పాటించండి. నేను చెప్పేది దేన్ని ముట్టుకోకూడదో.

ఇసుక కొట్టి ఇటుకలు శుభ్రం చేస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. కాలిన ఇటుకకు పైన గట్టి పొర ఉంటుంది. అది పోతే లోపలి మెత్తటి భాగం నీళ్లు పీల్చి పొరలు పొరలుగా రాలుతుంది. పాత గోడ సున్నంతో కట్టినదైతే సందుల్లో సిమెంటు కుక్కొద్దు. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. అప్పుడు తేమ ఇటుకలోంచే బయటికి రావాలి కాబట్టి సందు నిలుస్తుంది, ఇటుక పగులుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతకండి.

ఇక అసలు మాట. ఇలాంటి భవనాల గురించి మాట్లాడితే అందరూ లండన్ టేట్ మోడర్న్ చూపిస్తారు. 1981లో ఆగిపోయిన బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం, 2000లో మ్యూజియం. గొప్ప పనే, టర్బైన్ హాలు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. కానీ మీలాంటి బృందం నేర్చుకోవాల్సింది బ్రెజిల్‌లో సావ్ పావ్లో నగరంలోని సెస్క్ పొంపేయా అనే సాంస్కృతిక కేంద్రం నుంచి. అది ఒకప్పుడు ఇనుప పీపాల ఫ్యాక్టరీ. లీనా బో బార్డి అనే ఆర్కిటెక్టు 1970ల చివర్లో చూడ్డానికి వెళ్తే, ఒక సెలవురోజు ఆ ఖాళీ షెడ్లలో పిల్లలు బంతాట ఆడుతున్నారు, తల్లులు వంట చేసుకుంటున్నారు, ఓ పక్క తోలుబొమ్మలు ఆడిస్తున్నారు. ఇదంతా ఇలాగే కొనసాగాలి అని ఆవిడ నిర్ణయించుకుంది. గోడల పూత గీకించి ఇటుక, కాంక్రీటు బయటపెట్టింది. లోపల లైబ్రరీ, థియేటర్, చేతిపనుల గదులు వచ్చాయి, నేలలో వంకరగా పారే చిన్న నీటిమడుగు వచ్చింది. 1982లో తెరిచారు. ఆ స్థలంలో భూమి కింద కాలువ పోతోంది, దానిమీద భారీగా కట్టకూడదు. ఆవిడ ఆ కాలువ మీద చెక్కల దారి పరిపించింది. ఎండ కాచినప్పుడు జనం సముద్రపు ఒడ్డున పడుకున్నట్టు దానిమీద పడుకుంటారు.

మీ మిల్లు ఆవరణను ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారు? గోడ దూకి ఆడుకునే పిల్లలు ఉన్నారా? నడకకు వచ్చే పెద్దవాళ్లు? ప్లాన్ గీసేముందు వాళ్ల జాబితా రాయండి. కళల కేంద్రం వచ్చిందని వాళ్లు బయటికి పోతే అది సామూహిక కేంద్రం కాదు, మన సొంత క్లబ్బు.

పాతషిఫ్టు
నేను మిల్లులో పనిచేసి రిటైరైనవాణ్ని. మీ మిల్లు కాదు, ఇంకొకటి. ఒక్క విన్నపం. యజమానులు షెడ్డు అప్పగించేముందు యంత్రాలన్నీ తుక్కు కింద అమ్మేస్తారు. ఒక్కదాన్నైనా ఆపించండి. ఆ యంత్రం దగ్గర ఎవరు నిలబడ్డారో, ఏ చెయ్యి ఎక్కడ పెట్టారో చెప్పగలిగినవాళ్లు ఇంకా బతికే ఉంటారు. వాళ్లను పిలిపించి, వాళ్ల మాటలు రికార్డు చేయండి.

మిల్లు మూతపడటం మాకు బాధాకరమైన విషయం బాబూ. మిల్లు నుంచి రావాల్సిన బాకీలు అందనివాళ్లు ఉంటారు. అక్కడ ఉత్సవం జరుగుతుంటే గేటు బయట నిలబడి చూడాల్సి రావడం వాళ్లకు అవమానం. కమిటీలో వాళ్లకు కుర్చీ వేయండి.

ఇంకో మాట, పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆవరణలోనే ఉందా? దాని నూనె ఎవరూ ముట్టుకోకూడదు. మా రోజుల్లో చేతులకు పూసుకునేవాళ్లు కూడా ఉండేవారు.

సైట్‌ఇంజినీర్
పాతషిఫ్టు గారు చెప్పిన చివరి మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్ల నూనెలో పీసీబీ అనే విషపదార్థం ఉండొచ్చు. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందంలో ప్రపంచ దేశాలు వదిలించుకోవాలనుకున్న రసాయనాల్లో అదొకటి. పరీక్ష చేయించకుండా కదపొద్దు. దాని కింద మరకపడ్డ నేలను కూడా పరీక్షించాలి.

ఇటుకగోడ
పాతషిఫ్టు గారూ, మీ మాటకు నమస్కారం. జర్మనీలో త్సోల్‌ఫెరైన్ బొగ్గు గని 1986లో మూతపడింది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ గని కార్మికులు షిఫ్టు దిగాక స్నానం చేసిన భవనం ఇప్పుడు నృత్యకారుల కేంద్రం. గోడల టైల్స్, సబ్బు పెట్టుకునే గూళ్లు అలాగే ఉంచారు. రిహార్సల్ చేసే అమ్మాయికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, ఆ గూడు చూస్తే చాలు, ఇక్కడ ఎవరు ఒళ్లు కడుక్కున్నారో తెలుస్తుంది.

లెక్కలపద్దు
అందరూ భవనం గురించే మాట్లాడుతున్నారు, కాగితం సంగతి ఎవరూ అడగలేదు. ఎన్నేళ్లకు ఇస్తున్నారు?

పాడుబడ్డ చోటికి కళాకారులు వస్తారు, చోటు పేరు మోగుతుంది, స్థలం విలువ పెరుగుతుంది, మొదట వచ్చినవాళ్లే ఖాళీ చేస్తారు. బీజింగ్‌లో 798 అని పిలిచే కళల ప్రాంతం చూడండి. 1950ల్లో తూర్పు జర్మనీ ఇంజినీర్లు గీసిచ్చిన ఫ్యాక్టరీ, మీ షెడ్డులాగే రంపపు పళ్ల కప్పు. 2000 తర్వాత కళాకారులు తక్కువ అద్దెకు చేరారు. కూల్చకుండా దాన్ని నిలబెట్టుకోగలిగారు, కానీ అద్దెలు పెరిగేసరికి చాలామంది స్టూడియోలు ఎత్తుకుపోయారు, గ్యాలరీలు, కేఫ్‌లు, దుకాణాలు మిగిలాయి.

దీనికి ఎదురు ఉదాహరణ హెల్సింకిలోని కేబుల్ ఫ్యాక్టరీ. నోకియా కేబుళ్లు తయారుచేసిన పెద్ద భవనం. 1980ల చివర్లో కంపెనీ ఖాళీ చేస్తుంటే కళాకారులు అద్దెకు దిగారు. నగరపాలక సంస్థ దాన్ని ముక్కలు చేసి వేరే పనులకు వాడాలనుకుంటే, అద్దెకున్నవాళ్లే సంఘం పెట్టి తమ సొంత ప్లాన్ గీసి చూపించి పోరాడారు. చివరికి 1991లో నగరం తన సొంత కంపెనీ ఒకటి పెట్టి భవనం అప్పగించింది. అద్దెల మీద వచ్చిన డబ్బుతోనే అది నడుస్తుంది. కార్యక్రమాలు ఎవరు చేయాలో కంపెనీ చెప్పదు, చోటు చూసుకోవడమే దాని పని.

మీరు రాయించుకోవాల్సినవి: ఎన్నేళ్లు, అద్దె ఏ లెక్కన పెరుగుతుంది, కప్పు మరమ్మతు ఎవరిది, మీరు పెట్టిన ఖర్చు మధ్యలో ఖాళీ చేయిస్తే ఎవరిస్తారు, భవనం అమ్మితే కొత్త యజమాని ఈ ఒప్పందానికి కట్టుబడి ఉంటాడా. నేలలో విషం బయటపడితే శుద్ధి ఖర్చు ఎవరిదో కూడా అందులో ఉండాలి. ఈ చివరిది మర్చిపోతే మీ బృందమే మునుగుతుంది.

రంగులబండి
మూడేళ్లకు ఇస్తామంటున్నారు. కప్పు మరమ్మతు మాదే అంటున్నారు. ఇది చదివాక టెన్షన్ మొదలైంది. గోడౌన్ పై అంతస్తులో గ్యాలరీ గురించి కూడా ఎవరైనా చెప్పండి. చెక్క మెట్లు ఒక్కటే ఉన్నాయి, కింద రోలింగ్ షట్టర్ ఉంది.

లెక్కలపద్దు
మూడేళ్ల చోటుకు సొంత డబ్బుతో కప్పు వేయొద్దు. పదేళ్లకు తక్కువైతే కప్పు యజమానిది, లేదా ఆ ఖర్చు అద్దెలో తగ్గాలి. గట్టిగా అడగండి. ఖాళీ భవనానికి కాపలా, దొంగల బెడద, కూలిపోతుందనే భయం, అన్నీ ఇప్పుడు వాళ్ల నెత్తిమీదే ఉన్నాయి. మీరు వెళ్తే వాళ్లకూ లాభమే.

గోడమీదబొమ్మ
అందరి మాటా విన్నాను, గౌరవం ఉంది. కానీ ఇన్ని పరీక్షలు, ఇన్ని కాగితాలు అయ్యేదాకా ఆగితే షెడ్డు కూలిపోతుంది, మా వయసూ అయిపోతుంది. ఇలాంటి చోట్లు చాలావరకు ఎవరో ఒకరు ముందు అడుగుపెట్టడం వల్లే బతికాయి. తైపేలో హ్వాషాన్ సారాయి ఫ్యాక్టరీ 1987లో ఖాళీ అయి పడి ఉంది. 1997లో ఒక నాటక బృందం అందులో ప్రదర్శన ఇస్తే ప్రభుత్వ ఆస్తి ఆక్రమించారని కేసు పెట్టారు. కళాకారులంతా ఏకమై గొడవ చేస్తే 1999లో అదే కళలకు తెరిచారు. ముందు అనుమతి కోసం కూర్చుని ఉంటే అది జరిగేదా? డబ్బున్న సంస్థలకు రూల్స్ భారం కాదు. మాలాంటివాళ్లకు ప్రతి రూలూ ఒక తాళమే.

సైట్‌ఇంజినీర్
మీ ఆరాటం నాకు అర్థమవుతుంది, అందుకే దాచకుండా చెబుతాను. 2016 డిసెంబర్ 2 రాత్రి అమెరికాలో ఓక్లండ్‌లో ఘోస్ట్ షిప్ అని పిలిచే గోడౌన్ తగలబడింది. కళాకారులు అందులోనే పనిచేస్తూ, అందులోనే కాపురం ఉండేవారు. ఆ రాత్రి పై అంతస్తులో సంగీత కచేరీ. మంటలార్పే స్ప్రింక్లర్లు లేవు. కింద చెక్క సామాను, పియానోలు, తెరలు కిక్కిరిసి ఉన్నాయి, మెట్లలో కొంత భాగం సరుకుల కింద వేసే చెక్క పలకలతో కట్టింది. 36 మంది చనిపోయారు. వాళ్లు మనలాంటివాళ్లే. తక్కువ అద్దెకు ఇంకో చోటు దొరక్క అక్కడ చేరినవాళ్లు.

గోడౌన్ పై అంతస్తు గురించి అడిగారు కదా రంగులబండి గారూ, చెక్క మెట్ల దారి ఒక్కటే ఉన్నంతకాలం పైకి జనాన్ని ఎక్కించొద్దు. ఒక దారిలో పొగ కమ్మితే రెండో దారి ఉండాలి, అవి రెండూ పక్కపక్కన ఉండకూడదు. రోలింగ్ షట్టర్ దారి కింద లెక్క రాదు, కరెంటు పోయినా, భయంతో జనం తోసినా అది తెరుచుకోదు. బయటికి తెరుచుకునే మామూలు తలుపులు పెట్టించండి. జనం గుమిగూడే అంతస్తు చదరపు మీటరుకు 500 కిలోలు మోయగలగాలని చాలా నిబంధనల్లో ఉంటుంది. గోడౌన్ నేల అంత మోయగలదేమో, కానీ బస్తాలు కదలకుండా ఉంటాయి, మనుషులు ఒకే తాళానికి గెంతుతారు. ఆ తేడా లెక్క కట్టించాలి.

అయితే గోడమీదబొమ్మ గారి మాటలో ఒక న్యాయం ఉంది. ఓక్లండ్ తర్వాత చాలా ఊళ్లలో అధికారులు ఇలాంటి చోట్లకు తాళాలు వేశారు, జనం ఇంకా ప్రమాదకరమైన చోట్లకు పోయారు. తాళం వేయడం కాదు, రెండో మెట్లకు డబ్బు సర్దడం అధికారుల పని. అది మనం నోరు తెరిచి అడగాలి.

గోడమీదబొమ్మ
36 మంది అని చదివాక ఏం మాట్లాడాలో తెలియట్లేదు. మా స్టూడియోకీ ఒకటే మెట్లు. రేపే ఇంజినీర్‌ను పిలుస్తాను. కానీ మొత్తం పూర్తయ్యేదాకా ఏమీ చేయకుండా ఉండాలా అన్న ప్రశ్న అలాగే ఉంది.

ఇటుకగోడ
ఉండక్కర్లేదు, అదే చెప్పబోతున్నా. ఆమ్‌స్టర్‌డామ్‌లో వెస్టర్‌గాస్‌ఫాబ్రిక్ అనే పాత గ్యాస్ ఫ్యాక్టరీ ఉంది. నేలంతా తారు, రసాయనాలు. శుద్ధి చేయడానికి ఏళ్లు పట్టింది, పార్కు 2003లో తెరిచారు. కానీ ఆ మధ్య కాలమంతా, 1990ల్లో, భవనాలను తాత్కాలికంగా కళాకారులకు ఇచ్చారు. అప్పుడు ఏ కార్యక్రమానికి ఏ భవనం బాగుందో అనుభవంతో తెలిసింది, తర్వాతి ప్లాన్ దాన్నిబట్టే నడిచింది.

మీ షెడ్డులో కూడా భద్రమని తేలిన ఒక్క భాగం తెరవండి. నేలమీద, రెండు తలుపులున్న చివర, కరెంటు మొత్తం కొత్తగా లాగించి, ఇంతమంది కన్నా ఎక్కువ వద్దని గేటు దగ్గర అంకె రాసిపెట్టి. మిగతా భాగానికి గట్టి కంచె. ఆవరణలో మట్టి పరీక్ష బాగుంటే ఆరుబయట సాయంత్రం నాటకానికి కప్పు కూడా అక్కర్లేదు. తెరవెనుక గారి చిన్న గది తర్వాత కట్టుకోవచ్చు. డ్యాన్స్‌కు మాత్రం కాంక్రీటు మీద పిల్లల్ని గెంతించకండి, రబ్బరు దిమ్మల మీద చెక్క బద్దలు, వాటిమీద రెండు వరసల ప్లైవుడ్ వేయించండి. మోకాళ్లు వాళ్లవి. దాన్ని విప్పి ఇంకో చోటికి తీసుకెళ్లొచ్చు, అద్దె చోటులో పెట్టిన డబ్బు పోదు.

తెరవెనుక
మరుగుదొడ్లు! ఎవరూ అనలేదు. మిల్లులో ఆడవాళ్లకు ఉన్నవి చాలా తక్కువ, ఉన్నవీ మూలన చీకట్లో ఉంటాయి. చక్రాల కుర్చీ వెళ్లే దారి, వెలుతురున్న దొడ్లు లేకపోతే పెద్దవాళ్లు, ఆడపిల్లలు ఒకసారి వచ్చి మళ్లీ రారు.

రంగులబండి
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న రాత్రి మా వాళ్లందరం కూర్చుని ఇదంతా గట్టిగా చదువుకున్నాం. ప్రారంభోత్సవం వాయిదా వేశాం. స్టేజీకి దాచిన డబ్బు కప్పు తనిఖీకి, రేకుల పరీక్షకు, కరెంటుకు. గోడౌన్ పై అంతస్తుకు తాళం. యజమానులతో పదేళ్ల ఒప్పందం మాట్లాడతాం. కుదరకపోతే కప్పు జోలికి పోకుండా ఆవరణ ఒక్కటే అడుగుతాం. మిల్లు పాత కార్మికుల సంఘంవాళ్ల దగ్గరికి ఆదివారం వెళ్తున్నాం. పాతషిఫ్టు గారూ, వాళ్లను మొదట ఏం అడగమంటారు?

పాతషిఫ్టు
ముందు వాళ్లు చెప్పాలనుకున్నది చెప్పనివ్వండి, బాకీల సంగతే వస్తుంది, ఓపిగ్గా వినండి. తర్వాత షెడ్డు ప్లాన్ నేలమీద పరిచి మూడు అడగండి. నేల కింద గుంతలు, కాలువలు ఎక్కడెక్కడ పూడ్చారు? వానకు ముందు ఏ గట్టర్ శుభ్రం చేసేవారు, పైకి ఎక్కడినుంచి ఎక్కేవారు? నూనె, యాసిడ్ ఎక్కడ పారబోసేవారు? ఇవి ఏ కాగితంలోనూ ఉండవు. మెయింటెనెన్స్‌లో పనిచేసిన ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉంటే వాళ్లను సైట్‌ఇంజినీర్ గారితో కలిపి షెడ్డంతా తిప్పండి. పగలు తీసుకెళ్లండి, చాలామందికి చూపు తగ్గి ఉంటుంది.